ఐదున్నర కలపాలె

ఆ ఎండాకాలం గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నలభై ఏళ్లు దాటింది, ఇక మరిచిపో జులేఖా అంటారు మా ఇంట్లోవాళ్లు. ఎందుకు మరిచిపోవాలి? బీరన్నను గుంతలోకి దింపినవాడు దర్జాగా బతికాడు, మనవళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫొటోలు దిగాడు. బీరన్న తరఫున మిగిలింది నా కోపం ఒక్కటే. దాన్ని కూడా వదిలేయమంటే నేను వదలను.

అది 1981. తాండూరులో మా ఇల్లు నాపరాతి గనులకు పోయే దారిలో ఉండేది. మా నాన్న కరీముద్దీన్ హైదరాబాద్ విమానాశ్రయంలో, వాతావరణం చూసే ఆఫీసులో ఇరవై ఆరేళ్లు పనిచేసి వచ్చాడు. పెద్ద ఉద్యోగమేమీ కాదు, బెలూన్లలో గ్యాసు నింపి ఆకాశంలోకి వదిలే పని. కానీ ఆఫీసర్లు చదివేదంతా విని విని, ఆ భాష మొత్తం ఆయనకు నోటికొచ్చేసింది. రిటైరై వస్తూ ఒక పెద్ద రేడియో తెచ్చుకున్నాడు. షార్ట్‌వేవ్‌లో ఒకచోట, పాటలకూ వార్తలకూ మధ్య గరగరమనే సందులో, విమానాలు నడిపేవాళ్ల కోసం ఒక్కో ఊరి వాతావరణం ఇంగ్లీషులో చదివేవాళ్లు. హైదరాబాద్ పేరు రాగానే అబ్బా, అంటే మా నాన్న, చెయ్యి పైకెత్తేవాడు. ఇక ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. అమ్మ పొయ్యిలో పుల్ల కూడా కదిపేది కాదు.

వినడం, రాయడం నాకు ఆయనే నేర్పాడు. పదో తరగతి అయ్యి ఇంట్లో ఉన్నాను, నాకూ అది సరదాగా ఉండేది.

"రిపోర్టు వేరు, ఫోర్‌కాస్టు వేరు బేటీ" అనేవాడు. "రిపోర్టంటే గిప్పుడు ఆడ ఉన్నది. గాలి ఎంత, ఎంత దూరం కండ్లకు ఆనుతున్నది, మబ్బు ఎంత ఎత్తుల ఉన్నది, వేడెంత. ఫోర్‌కాస్టంటే రాబోయేది. టెంపరరీ అన్నరనుకో, ఆ గంటల నడుమ ఎప్పుడన్న జరసేపు వచ్చిపోవచ్చని. వస్తదని ఒట్టు పెట్టలే వాళ్లు. తయారుగ ఉండుమన్నరు, అంతే."

"మరి అది హైదరాబాద్‌ది గద అబ్బా, మనకెందుకు?"

"ఆ ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల మందమే. మనకు అది ఇషారా, సైగ అసొంటిది. ఇషారా దొరికినంక పడమర చించోళి దిక్కు మబ్బు మనమే చూసుకోవాలె."

అన్నిటికంటే ముఖ్యమైనది గడియారం. విమానాల గడియారం మన గడియారం కాదు. వాళ్లు చెప్పే టైము ఇంగ్లండుది. దానికి ఐదున్నర గంటలు కలిపితే మనది. అందుకే అబ్బా నోటుబుక్కులో పేజీ మధ్యలో గీత కొట్టేవాడు. ఎడమపక్క విన్నది విన్నట్టు, కుడిపక్క ఐదున్నర కలిపింది. ఆయన పెట్టిన కట్టుబాటు ఒక్కటే. ఎడమపక్కది ఒంటరిగా ఇల్లు దాటొద్దు.

రోజూ పొద్దున ఎనిమిదింటికి గని దగ్గరికి నడిచి వెళ్లి, అక్కడ నిలబెట్టిన ఒక నున్నటి బండ మీద సుద్దముక్కతో రెండు గడియారం బొమ్మలు గీసేవాడు. కూలీల్లో చదువొచ్చినవాళ్లు తక్కువ కదా. మొదటి గడియారం చూపించే టైముకు ముందే అందరూ గుంతలోంచి పైకి ఎక్కాలి. రెండో గడియారం టైము దాటాక దిగొచ్చు. ఆఫీసు ముందు వేలాడదీసిన రైలుపట్టా ముక్కను వాచ్‌మన్ గంటగంటకూ కొట్టేవాడు. వాన సూచన లేని రోజు బండ ఖాళీగా ఉండేది. రెండేళ్లు అలా నడిచింది. ఆ రెండేళ్లలో గుంతలో నీళ్లు నిండింది నాలుగుసార్లు, లోపల మనిషి ఉన్నది ఒక్కసారి కూడా లేదు.

ఏప్రిల్ చివర్లో అబ్బా దగ్గు ముదిరింది. వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్ట మీది ఆస్పత్రిలో చేర్చుకుంటామన్నారు. స్టేషనుకు నడవలేకపోతే బీరన్న వచ్చి భుజం పట్టాడు. బీరన్నది బొంరాస్‌పేట దిక్కు ఊరు. కరువులో గొర్రెల మంద పోగొట్టుకుని పెళ్లాం హన్మమ్మతో తాండూరు వచ్చి గనిలో బండలు కొడుతున్నాడు. మాకు రెండిళ్ల అవతలే ఉండేవాళ్లు.

"సాబు పోతున్నడు, ఇగ మొగులు సంగతి నా ముక్కే చెప్పాలె" అన్నాడు ప్లాట్‌ఫారం మీద. "ఆమడ దూరంల వాన పడ్డా నాకు వాసనొస్తది."

"నీ ముక్కు నీ గొర్లకు పనికొచ్చింది బీరన్నా" అన్నాను నేను, నవ్వుతూ. "బండ మీద ఏముంటే అదే నమ్ము. నేను రాస్త గద."

"సరే తల్లీ, నీ బండే నాకు దేవుడు."

బండనే నమ్మమని నవ్వులాటకన్నాను నేను. నా నాలుక తెగిపడినా బాగుండేది.

పదిహేను రోజులు నేనే విన్నాను, నేనే నడిచి వెళ్లి గడియారాలు గీశాను. మే పద్నాలుగు, గురువారం. పొద్దున ఏడు దాటింది. రేడియోలో హైదరాబాద్ పేరు వచ్చింది. "టెంపరరీ, జీరో నైన్ హండ్రెడ్ టు వన్ టూ హండ్రెడ్, థండర్‌స్టార్మ్." గాలి నలభై నాట్ల దాకా, అంటే గంటకు డెబ్బై కిలోమీటర్లకు పైగా, విసురుతుందని కూడా చెప్పాడు. ఎడమపక్క 0900–1200 అని రాశాను. కుడిపక్క రాయబోతుంటే బయట సైకిల్ బెల్లు మోగింది.

గని మేనేజరు జంగప్ప. సేటు ఎక్కడో పట్నంలో ఉండేవాడు, ఇక్కడ పెత్తనమంతా ఇతనిదే. ఎన్నడూ మా గడప దగ్గరికి రాని మనిషి.

"ఏందమ్మా జులేఖా, గీ ఎండల రెండు మైళ్లు ఏం నడుస్తవ్? కాగితం చింపి ఇయ్యి, బండ మీద నేను గీస్త."

"ఇంక కుడిపక్క రాయలే సాబ్."

"కలపుడు నాకు రాదా? రెండేండ్ల సంది చూస్తలేనా మీ నాయనను? ఐదున్నర, గంతే గద?"

"ఆ, ఐదున్నర కలపాలె. రెండున్నర నుంచి ఐదున్నర దాక వాన సూచన. రెండుగొట్టంగనే అందరిని పైకి ఎక్కించుండ్రి."

"సరె సరె, నాకు చెప్తున్నవా?" అని నవ్వాడు.

పరదా వెనకనుంచి మా అమ్మ మహబూబ్‌బీ కూడా విన్నది ఇదంతా. నేను కాగితం చింపి ఇచ్చాను. నిజం చెప్పాలంటే సంతోషంగా ఇచ్చాను. ఆ ఎండలో నడక తప్పిందని లోపలికొచ్చి, చల్లటి బండల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాను.

ఆ రోజు స్టేషను పక్క పట్టాల మీద గనికి వ్యాగన్లు వచ్చి నిలబడి ఉన్నాయని నాకు తెలియదు. సాయంత్రానికల్లా నింపి పంపాలట. పొద్దున నింపడానికి కొట్టిపెట్టిన బండలు ఉన్నాయి. మిగతావి మధ్యాహ్నం దిగి కొట్టాల్సిందే. రెండింటికి మనుషులను పైకి ఎక్కిస్తే వ్యాగన్లు నిండవు. జంగప్ప బండ మీద గీసిన మొదటి గడియారం తొమ్మిది చూపించింది. రెండోది పన్నెండు.

తొమ్మిది నుంచి పన్నెండు దాకా కూలీలు పైనే ఉండి వ్యాగన్లు నింపారు. నిప్పులు చెరిగే ఎండ. ఒక్క చినుకు లేదు. పన్నెండు కొట్టగానే గుంతలోకి దిగారు. రెండు దాటాక పడమర నల్లబడింది. బీరన్న సుత్తె పక్కన పెట్టి లేచి నిలబడ్డాడట. "మన్ను వాసనొస్తున్నదిరా, ఎక్కుదాం పాండ్రి" అన్నాడట. జంగప్ప పైనుంచి కేకేశాడు.

"బండ మీద చూడలేదా? వాన టైం ఎప్పుడో అయిపోయింది. కరీం సాబ్ లెక్క ఎన్నడన్న తప్పిందా?"

"గట్లయితే అయిపోయినట్టే" అని బీరన్న మళ్లీ కూర్చున్నాడు.

మూడింటికి పది నిమిషాలుండగా గాలి లేచింది. మా ఇంటి మీది రేకులు ఎగిరిపోయాయి. వడగళ్లు పడ్డాయి. గని అంచున పోసిన మట్టిదిబ్బ నీళ్లతో కలిసి లోపలికి జారింది. పైమెట్ల మీద ఉన్నవాళ్లు ఎక్కేశారు, కిందున్నవాళ్లలో పదకొండు మంది ఎలాగో పైకి పాకారు. అట్టడుగున ఉన్న బీరన్న రాలేదు. మర్నాడు మధ్యాహ్నానికి తీశారు.

బండ మీది సుద్దగీతలు వానకు చెరిగిపోయాయి. జంగప్ప జేబులో కాగితం మాత్రం మడత నలగకుండా ఉంది. దాని మీద నా చేతిరాతలో 0900–1200 అని ఉంది. ఊరంతా తిప్పి చూపించాడు దాన్ని. "చూడుండ్రి, ఆ పిల్ల రాసిచ్చిందే నేను గీసిన. నా తప్పేమున్నది?"

మూడో రోజు హన్మమ్మ మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"వాని ముక్కు చెప్పింది పిల్లా" అంది. "మీ బండ కాదన్నది."

"హన్మమ్మక్కా, నేను గట్ల చెప్పలే. ఐదున్నర కలపాలని చెప్పిన, కావాలంటె మా అమ్మనడుగు."

"రాసింది నువ్వు కాదా?"

నేనే రాశాను. ఆమె ముంగిట్లోని మట్టి గుప్పెడు తీసి మా గడప మీద చల్లి వెళ్లిపోయింది. ఆ రోజునుంచి మా వీధిలో మమ్మల్ని పలకరించినవాళ్లు లేరు. గని దగ్గరి బండ మీద ఎవరో పేడ కొట్టారు. అబ్బా రెండేళ్లు నడిచి నడిచి సంపాదించిన మాట ఒక్క కాగితంతో పోయింది. కరీం సాబ్ లెక్క మనుషులను చంపే లెక్క అన్నారు.

ప్యాసింజర్ బండెక్కి వికారాబాద్‌లో దిగి, గుట్టెక్కి ఆస్పత్రికి పోయాను. అబ్బా మంచం మీద కూర్చుని ఉన్నాడు, సగమైపోయాడు. అంతా చెప్పాను.

"ఎడమపక్కది ఇచ్చినవా?" అన్నాడు.

"నోటితోని చెప్పిన అబ్బా. గంటలు గూడ చెప్పిన."

"కాగితం మీద రాసినవా?"

"లేదు."

ఆయన గోడవైపు తిరిగాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "చంపింది వాడు! నన్నంటవేంది?" అని అరిచాను. నర్సు పరుగెత్తుకొచ్చి, ఇది ఆస్పత్రమ్మా అని కసిరింది.

"వాన్ని అడిగేటోడు ఎవడున్నడు బేటీ?" అన్నాడు అబ్బా, గోడవైపే చూస్తూ. "నిన్ను అడగనీకె నేనొక్కన్ని ఉన్న."

దగ్గు తగ్గేదాకా నేను వీపు రాస్తూ నిలబడ్డాను. నేను బయల్దేరుతుంటే పిలిచాడు.

"నోటుబుక్కు మొత్తం తీస్కపో విచారణకొచ్చే తహశీల్దార్ కాడికి. రిపోర్టులల్ల టెంపరేచర్ చూపియ్యి. గది చాలు."

రైల్లో, వెంట తెచ్చిన నోటుబుక్కు తెరిచి చూశాక అర్థమైంది ఆయన ఏమన్నాడో. తాండూరు వచ్చేదాకా అవే పేజీలు తిప్పాను.

విచారణ గని ఆఫీసులోనే పెట్టారు, జంగప్ప కుర్చీల్లోనే, జంగప్ప తెప్పించిన చాయ్ తాగుతూ. అక్కడే అర్థం కావాల్సింది నాకు. కిటికీ బయట కూలీలు గుంపుగా నిలబడ్డారు. హన్మమ్మ కిటికీ ఊచ పట్టుకుని ఉంది.

తహశీల్దారు కాగితం పైకెత్తాడు. "ఈ రాత నీదేనా?"

"నాదే సార్. అది ఇంగ్లండు టైం. ఐదున్నర కలపాలని మేనేజరుకు చెప్పిన."

"నాతోని చెప్పలే" అన్నాడు జంగప్ప. కన్ను కూడా ఆర్పలేదు.

"మా అమ్మ విన్నది సార్."

"ఇంట్లోవాళ్ల సాక్ష్యం ఇంట్లోకే పనికొస్తుందమ్మా" అన్నాడు తహశీల్దారు. "అయినా ఇది ఇంగ్లండు టైమని ఏముంది రుజువు?"

నోటుబుక్కు ఆయన ముందు పెట్టాను.

"ఇది వాన ముందురోజు రిపోర్టు సార్. ఇందుల 0600కు వేడి ముప్పై ఎనిమిది డిగ్రీలని ఉన్నది. మేనేజరు గీసినట్టు గిది మన టైమే అయితే, పొద్దున ఆరింటికన్నమాట. సార్, పొద్దున ఆరింటికి ముప్పై ఎనిమిది డిగ్రీల ఎండ ఎక్కడన్న ఉంటదా? కోడి కూసే యాల్లకు బండల మీద కాళ్లు కాలుతయా? ఐదున్నర కలపుండ్రి. పదకొండున్నరైతది. ఇప్పుడు సరిపోయిందా లేదా? ఏ పేజీ అన్న తియ్యిండ్రి, అన్ని గట్లనే ఉంటయి."

తహశీల్దారు నాలుగు పేజీలు తిప్పాడు. కిటికీ బయట గుసగుసలు ఆగిపోయాయి. ఎవరో కూలీ పైకే అన్నాడు, "అవు గదా, పొద్దుగాల ఎండేడిది?"

జంగప్ప మొహం మాడిపోయింది. కానీ వాడు ఊరికే ఉంటాడా? "సార్, అసలు అది హైదరాబాద్ ఎయిర్‌పోర్టు సంగతి. తాండూరుకు దానికీ ఏం సంబంధం? ఆడ వాన పడితె ఈడ పడాల్నా?" అన్నాడు.

"సంబంధం లేకపోతే గిన్నొద్దుల సంది ఆ కాగితం పట్టుకుని ఊరంత ఎందుకు తిరిగినవ్? మా నాయన మీద వెయ్యనీకె పనికొచ్చింది, నీ మీదికి వస్తుంటె పనికి రాదా?" అని అరిచాను. ప్యూను నన్ను చెయ్యి పట్టి వెనక్కి లాగాడు.

"తెలివైన పిల్లవే" అన్నాడు తహశీల్దారు, చాయ్ గ్లాసు పక్కన పెడుతూ. తర్వాత తలవంచుకుని రాసుకున్నాడు. ఆ రాతలో ఏముందో వారానికి తెలిసింది. ఊహించని ప్రకృతి వైపరీత్యం. ఊహించనిదట! పొద్దున ఏడింటికే గంటలతో సహా చెప్పిన వానను ఊహించలేదట. మేనేజరు తప్పు ఏమీ లేదు, మా తప్పు కూడా లేదు, ఎవరి తప్పూ లేదు. ఒక మనిషి మాత్రం లేడు.

ఆ రోజు ఆఫీసులోంచి బయటికొస్తుంటే హన్మమ్మ నావైపు చూసింది. కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

జూన్ మొదటి వారం. పొద్దున రేడియో పెట్టాను. బండ మీద రాయనిచ్చేవాళ్లు లేకపోయినా, అలవాటు కొద్దీ వింటున్నాను. గడప దగ్గర నీడ పడింది. హన్మమ్మ. లోపలికి వచ్చి రేడియో ముందు నేల మీద కూర్చుంది. అమ్మ నీళ్ల చెంబు తెచ్చి పక్కన పెట్టింది.

హైదరాబాద్ పేరు వచ్చింది. నేను చెయ్యి ఎత్తాను. ఎడమపక్క రాసుకున్నాను. 0930–1230, టెంపరరీ, ఉరుములు, వాన.

"ఏమన్నడు?" అంది.

"తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర."

"కలుపు."

"మూడు నుంచి ఆరు."

"మల్ల చెప్పు. ఎట్ల కలిపినవో చెప్పు."

వేళ్ల మీద లెక్కబెట్టి చూపించాను. ఆమె తన వేళ్ల మీద లెక్కబెట్టుకుంది. ఒకసారి తప్పింది. రెండోసారి సరిగ్గా వచ్చింది. మూడోసారి నాకంటే ముందే చెప్పింది. అప్పుడు చెంబెత్తి నీళ్లు తాగింది.

ఆ మధ్యాహ్నం నన్నూ వెంట రమ్మంది. గని దగ్గర బండ మీద ఎండిపోయిన పేడను కొంగుతో తుడిచింది. నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుని తనే రెండు గడియారాలు గీసింది, వంకరటింకరగా. రెండున్నర కాగానే గుంత అంచున నిలబడి గొంతెత్తి కేకేసింది.

"ఎక్కుండ్రి పైకి! అందరు ఎక్కుండ్రి!"

కింద సుత్తెల చప్పుడు ఆగింది. ఒకడు ఎక్కాడు. వాడి వెనక ఇద్దరు. తర్వాత నలభై మందీ ఎక్కారు. జంగప్ప ఆఫీసులోంచి ఉరికి వచ్చాడు. నానా మాటలన్నాడు, రేపటినుంచి పనిలోకి రావద్దన్నాడు, నా మీదికి చెయ్యి లేపాడు. నలభై మందిలో ఒక్కరు కూడా కిందికి దిగలేదు. బండకు ఆనుకుని కూర్చుని బీడీలు ముట్టించారు.

మూడు కొట్టింది. పడమర తెల్లగానే ఉంది. నాలుగు కొట్టింది. ఐదింటికి ఒక మబ్బు వచ్చి బషీరాబాద్ మీదుగా అలా పోయింది. నేను పడమర దిక్కునుంచి కళ్లు తిప్పలేదు. ఆరు కొట్టింది. ఒక్క చినుకు పడలేదు.

జంగప్ప నడుము మీద చేతులు పెట్టుకుని హన్మమ్మ ముందుకు వచ్చి నవ్వాడు. "ఏదమ్మా నీ వాన? ఒక పూట పని ఖరాబు చేసినవ్. ఏది, చూపియ్యి!"

కూలీలు లేచి, బట్టలు దులుపుకుని, సద్దిగిన్నెలు చేతబట్టుకుని ఊరివైపు నడుస్తున్నారు. హన్మమ్మ వాళ్లను చివరి మనిషి దాకా చూసింది. తర్వాత జంగప్ప వైపు తిరిగింది.

"వాన రాకపాయె" అంది. "అందరు ఇంటికి పోతున్నరు. చూడు."